కండక్టరు గారింట్లో జమాఖర్చులు

మా నాన్న ఆర్టీసీ కండక్టరు, గుడివాడ డిపో. పామర్రు, ఉయ్యూరు, కంకిపాడు మీదుగా బెజవాడ వెళ్ళే బస్సు ఎక్కువగా చేసేవారు, అప్పుడప్పుడూ కైకలూరు వైపు. సంక్రాంతి ముందు రోజుల్లో ఒక్క డ్యూటీలో ఆయన సంచిలో పడే డబ్బు ఆయన నెల జీతం కన్నా ఎక్కువ ఉండేది. అదంతా డ్యూటీ దిగాక డిపోలో లెక్క చెప్పి కట్టేయాలి, తక్కువొస్తే తన జేబులోంచి వేసుకోవాలి. "ఊళ్ళోవాళ్ళ డబ్బంతా మెళ్ళో వేసుకుని తిరుగుతావు, ఇంటికొచ్చేసరికి నీ దగ్గర అర్ధరూపాయి ఉండదేంరా" అని మామ్మ వేళాకోళం చేసేది. నాన్న నవ్వేసి కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళిపోయేవారు.

నేను చెబుతున్నది ఎనభైల మాట. అద్దె ఇంట్లో అమ్మ, నాన్న, మామ్మ, నేను, తమ్ముడు, అందరికీ ఒక్కరి జీతం. అప్పట్లో జీతం చేతికే ఇచ్చేవారు. ఒకటో తారీఖున నాన్న ఆ కవరు తెచ్చి దేవుడి దగ్గర పెట్టేవారు. దేవుడి దగ్గర అది ఓ పది నిమిషాలు ఉండేదేమో, దీపం కొండెక్కకముందే అమ్మ చేతికి వెళ్ళిపోయేది. అమ్మ చాప పరుచుకుని నోట్లు కుప్పలు పెట్టేది. మొదటి కుప్ప చీటీది, రెండోది పోస్టాఫీసుది, ఆ తర్వాతే అద్దె, పాలు, పచారీ కొట్టు, చాకలి, మా ఫీజులు. ముందు దాచండి, మిగిలింది ఖర్చు పెట్టండి అని ఇప్పుడు వీడియోల్లో కోటు వేసుకుని మరీ చెబుతుంటే నాకు నవ్వొస్తుంది. అమ్మకి ఆ సూత్రాలేవీ తెలియవు. చీటీ వేసే పిన్నిగారు రెండో తారీఖు పొద్దున్నే పాలవాడికన్నా ముందు గుమ్మంలో నిలబడుతుంది, అందుకని ఆవిడ కుప్ప ముందు.

చివరికి మిగిలిన చిన్న కుప్పలోంచి నాన్నకి టీ ఖర్చు ఇచ్చేది. ఆయన సంపాదించిన డబ్బులోంచి ఆయనకే, రోజులు లెక్కగట్టి మరీ. నాన్న ఎప్పుడూ కాదనలేదు. నెలాఖర్లో మాత్రం డ్రైవరు గారి చేత టీ తాగించుకునేవారని చాలా ఏళ్ళ తర్వాత ఆ డ్రైవరు గారే చెప్పారు.

అమ్మకి ఓ పుస్తకం ఉండేది. మా పాత నోట్సుల్లో మిగిలిపోయిన తెల్లకాగితాలు చింపి, దబ్బనంతో కుట్టి, పైన పాత క్యాలెండరు అట్ట వేసిన పుస్తకం. అందులో రోజూ రాత్రి గిన్నెలు కడిగాక ఖర్చు రాసేది. పాలు 1-60, వంకాయలు 0-75, తోటకూర 0-15, తమ్ముడికి పెన్సిలు 0-30, ఇలాగ. రూపాయలకీ పైసలకీ మధ్య గీత. ఎంత ఆలోచించినా గుర్తుకురాని డబ్బు ఉంటుంది కదా, ఉదయం ఉన్న దానికీ రాత్రి ఉన్న దానికీ తేడా, ఆ తేడాని "ఏమో" అని రాసేది. ఏమో 0-40. ఏమో 0-25. నెలాఖరుకి ఏమోలన్నీ విడిగా కూడేది. అవి ఐదు రూపాయలు దాటితే ఆ రాత్రి ఇంట్లో విచారణే. "ఏవండీ, పదిహేడో తారీఖు రూపాయిన్నర ఏమో అని ఉంది, మీరేమన్నా తీశారా?" అనేది. నాన్న మహా సీరియస్‌గా పైకప్పు వైపు చూసేవారు, తమ్ముడు పుస్తకంలో తలదూర్చేవాడు, మామ్మ మాత్రం "నేనే తీశానే, సోడా తాగాను, కడుపుబ్బరంగా ఉండి" అని ఒప్పేసుకునేది. అమ్మ ఆ ఏమోని కొట్టేసి పక్కన "సోడా" అని రాసుకుంటే గానీ నిద్రపోయేది కాదు. ఖర్చయినందుకు కాదు ఆవిడ బాధ, ఎందుకు ఖర్చయిందో తెలియనందుకు.

చిల్లర సంగతి చెప్పాలి. ఎనభైల మధ్యలో చిల్లరకి ఎంత కరువో ఆ రోజుల్లో బస్సెక్కినవాళ్ళకి తెలుసు. టికెట్టు వెనకాల "పావలా ఇవ్వాలి" అని రాసి ఇవ్వడం, దిగేటప్పుడు ఇద్దరు ప్రయాణికులకి కలిపి ఓ నోటిచ్చి మీరూ మీరూ పంచుకోండి అనడం, వాళ్ళిద్దరూ బస్టాండులో టీ కొట్టు కోసం వెతుక్కోవడం రోజూ ఉన్నదే. 1985లో అయితే మన ప్రభుత్వం విదేశాల టంకశాలల్లో కూడా నాణేలు కొట్టించి తెప్పించింది. ప్రయాణికులతో గొడవ పడలేక నాన్న పొద్దున్నే చిల్లర కోసం తిరిగేవారు. ఇంట్లో అమ్మ దగ్గర మట్టి డిబ్బీ ఉండేది, కూరల్లో, పాలల్లో మిగిలిన పైసలన్నీ అందులోకే. నాన్న ఓసారి ఆ డిబ్బీ అడిగారు. అమ్మ ఇస్తాను కానీ ఇరవై రూపాయల నోటుకి పంతొమ్మిదిన్నరే అంది. అదేం అన్యాయమే, మొగుడి దగ్గర కమీషనా అంటే, "బజారులో మీరు సోడా కొట్టువాడికి ఇస్తే లేదు కానీ నాకిస్తే అన్యాయమా?" అంది. బేరం కుదిరింది. ఆ అర్ధరూపాయిలు ఎక్కడికి పోయేవో ఎవరికీ తెలియదు, పుస్తకంలో కూడా రాసేది కాదు.

ఇంత గట్టితనం ఎందుకో నాకు అర్థమయింది మామ్మ చెప్పిన ఓ లెక్క వల్ల. పెద్దత్తయ్య పెళ్ళికి తాతయ్య వెయ్యి రూపాయలు అప్పు చేశారట, ప్రోనోటు మీద, నూటికి రెండు రూపాయల వడ్డీకి. రెండు రూపాయలంటే నెలకి, ఏడాదికి ఇరవై నాలుగు. ప్రోనోటుకి మూడేళ్ళు దాటితే కాలదోషం పడుతుంది, కోర్టుకి వెళ్ళినా చెల్లదు. అందుకని మూడేళ్ళు నిండబోతుండగా ఇచ్చినాయన వస్తాడు, చాలా మర్యాదగా కూర్చుని మజ్జిగ తాగుతాడు, డబ్బు లేకపోతే నోటు తిరగరాయండి అంటాడు. తిరగరాయడమంటే వడ్డీని అసల్లో కలిపి కొత్త నోటు. వెయ్యి కాస్తా పదిహేడు వందల ఇరవై. ఇంకో మూడేళ్ళకి మళ్ళీ మజ్జిగ, రెండువేల తొమ్మిది వందల యాభై ఎనిమిది. తొమ్మిదేళ్ళకి ఐదు వేలు దాటింది. "ఒక్క పైసా కొత్తగా తీసుకోలేదే అమ్మాయ్, మూడుసార్లు సంతకం పెట్టారంతే" అనేది మామ్మ. చివరికి ఎకరంన్నర రాసిచ్చారు. ఆ పొలం ఉంటే నాన్న వ్యవసాయం చేసుకునేవారు, అది పోయింది కాబట్టే ఖాకీ చొక్కా వేసుకున్నారు. నేను వడ్డీ లెక్కలు నేర్చుకుంది బడిలో కాదు, మామ్మ పక్కన పడుకుని.

అందుకే మా ఇంట్లో ప్రోనోటు అనే కాగితం చూడలేదు నేను. పచారీ కొట్టులో పద్దు కూడా ఉండేది కాదు. మా వీధిలో చాలామంది ఇళ్ళలో కొట్టు పద్దు పుస్తకం గోడకి మేకుకి వేలాడేది, నెలంతా తెచ్చుకుని ఒకటో తారీఖున కట్టేవారు. అందులో తప్పేమీ లేదు, ఇబ్బందుల్లో కొట్టు ఆయనే ఆదుకునేవాడు కూడా. అమ్మ అభ్యంతరం వేరే. పద్దు ఉన్నవాడు ధర అడగలేడు, పుచ్చిన కందిపప్పు ఇచ్చినా తిరిగి ఇవ్వలేడు. రొక్కం ఇచ్చేవాడైతే "ఇది కాదు, ఆ బస్తాలోది చూపించు" అంటాడు. నేను కొట్టుకి వెళ్ళినప్పుడు గమనించాను, నిజమే.

అమ్మ ఒప్పుకున్న అప్పు ఒక్కటే, పండగ అడ్వాన్సు. వడ్డీ లేదు, నెలనెలా జీతంలో కోసుకుంటారు. తోటి కండక్టర్లు దాంతో బట్టలు, టపాకాయలు కొనేవారు. అమ్మ ధాన్యం కొనేది. మాసూళ్ళయ్యాక సంక్రాంతి రోజుల్లో ధాన్యం చౌకగా ఉంటుంది, అప్పుడే ఏడాదికి సరిపడా బస్తాలు తెలిసిన రైతు దగ్గర కొనేసి మిల్లులో ఆడించేది. డెబ్భై ఐదు కిలోల బస్తా ఆడిస్తే యాభై కిలోల బియ్యం దాకా వచ్చేవి, పైన నూకలు, తవుడు. నూకలు ఉప్మాకి, తవుడు పాలావిడ గేదెకి. దానికి బదులు ఆవిడ అప్పుడప్పుడూ ఓ గ్లాసు పాలు ఎక్కువ పోసేది. 1983లో మా గుడివాడ నుంచే గెలిచిన ఎన్టీఆర్ ముఖ్యమంత్రి అయ్యి కిలో రెండు రూపాయల బియ్యం పెట్టినప్పుడు ఆ కార్డు మాకు రాలేదు, జీతగాళ్ళం కదా, పక్కింటివాళ్ళకి వచ్చింది. అమ్మ కొంచెం కూడా దిగులుపడలేదు. ఇంట్లో అప్పటికే ఏడాది బియ్యం ఉన్నాయి.

బియ్యం తర్వాత ఎండాకాలం. కొత్త చింతపండు గింజ తీసి ఉప్పు కలిపి జాడీకెత్తడం, మిరపకాయలు ఎండబెట్టి కొట్టించడం, కందులు తెచ్చి తిరగలి మీద విసిరి బద్దలు చేయడం, ఆవకాయ, మాగాయ, గుమ్మడి వడియాలు. వేసవి సెలవులంటే అందరికీ ఏమేం గుర్తొస్తాయో కానీ నాకు చేతులకి కారం మంట గుర్తొస్తుంది. నెయ్యి రాసుకున్నా తగ్గదు. మా అమ్మ పద్ధతేంటో ఇప్పుడు చూస్తే తెలుస్తోంది. ఇంట్లో రొక్కం ఉండకూడదు. డబ్బు కనిపిస్తే అడిగేవాళ్ళు పుడతారు, ఆ అడిగేవాళ్ళలో తను కూడా ఉంటుందని అమ్మకి బాగా తెలుసు. అందుకే వచ్చిన డబ్బుని వచ్చినట్టే బియ్యంగానో, చింతపండుగానో, చీటీగానో, పోస్టాఫీసు కాగితంగానో మార్చేసేది. చీర కొనాలని ఎంత మనసు పుట్టినా చింతపండు జాడీ తీసుకెళ్ళి బట్టల కొట్టులో ఇవ్వలేం కదా.

చీటీ సంగతి. పిన్నిగారి చీటీలో ఇరవై మంది, నెలకి వంద, అంటే రెండు వేల చీటీ. మొదటి నెల మొత్తం పిన్నిగారికి, అదే ఆవిడ కష్టానికి ఫలితం. రెండో నెల నుంచి పాట. ఆవిడ వరండాలో ఆదివారం మధ్యాహ్నం కూర్చునేవారు, కాఫీ కూడా ఉండేది కాదు, కాఫీ ఇస్తే ఆ ఖర్చు ఎవరిదని గొడవొస్తుందని. అవసరం ఎక్కువున్నవాళ్ళు నాలుగు వందలు వదులుకుని పదహారు వందలకి పాడేవారు. ఆ నాలుగు వందలు ఇరవై మందికి పంచితే తలా ఇరవై, కాబట్టి ఆ నెల వందకి బదులు ఎనభై కడితే చాలు. మొదట్లో పాట జోరుగా ఉంటుంది, పోనుపోను తగ్గుతుంది, ఆఖరి నెల పాటే ఉండదు, మిగిలిన ఒక్కరికి నిండు రెండు వేలు. ఆ ఆఖరి మనిషి ప్రతిసారీ మా అమ్మే. చీటీ ముగిసేసరికి ఆవిడ కట్టింది పద్దెనిమిది వందలు కూడా దాటేది కాదు. "తొందరున్నవాళ్ళ డబ్బు ఓపికున్నవాళ్ళకి వస్తుందే" అని నాకు చెప్పేది. ఆ తొందర ఉన్నవాళ్ళలో ఒకావిడ భర్తకి ఆపరేషన్ అని పాడిందని, ఇంకొకావిడ కూతురి పురిటికని తెలిసేది. అమ్మ ఆ నెలల్లో మిగిలిన ఇరవై రూపాయలు తీసుకునేటప్పుడు కొంచెం ఇబ్బంది పడేది. తీసుకునేది మాత్రం.

పోస్టాఫీసు ఏజెంటు ఓ మేడమ్ గారు. రిక్షాలో ఇంటింటికీ తిరిగి నెలనెలా కట్టే ఆర్డీ పొదుపు డబ్బు వసూలు చేసి కార్డులో రాసి సంతకం పెట్టి వెళ్ళేవారు. నా పేరున పది, తమ్ముడి పేరున పది, ఐదేళ్ళు. ఆరేళ్ళ జాతీయ పొదుపు పత్రాలకి అప్పట్లో పన్నెండు శాతం వడ్డీ, వెయ్యి పెడితే రెండువేల పదిహేను చేతికొచ్చేవి. తర్వాత 1986లో ఇందిరా వికాస్ పత్రాలు వచ్చాయి. ఐదేళ్ళకే రెట్టింపు అని అందరూ ఎగబడ్డారు. అమ్మ ఒక్కటీ కొనలేదు. వాటి మీద పేరుండదు, ఎవరి చేతిలో ఉంటే వాళ్ళదే, నోటు లాగా. పోతే పోయినట్టే. "పేరు లేని కాగితం నాకెందుకండీ, దానికన్నా నోటే నయం, ఖర్చన్నా పెట్టుకోవచ్చు" అని మేడమ్ గారి మొహం మీదే అంది.

మా హైస్కూల్లో సంచయిక ఉండేది, పిల్లల బ్యాంకు. మేమే క్యాషియర్లం, మేమే పాస్‌బుక్కులు రాసేవాళ్ళం, పది పైసలు, పావలాలు వేసుకునేవారు పిల్లలు. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా పొదుపు దినోత్సవానికి వ్యాసరచన పోటీ పెట్టారు, 1984 అక్టోబరు 31. పొద్దున్నే రాసేశాం. అమ్మ పుస్తకంలో ఏమోల గురించి కూడా రాసేశాను నేను. బహుమతి వస్తుందని ధీమాగా ఉండగా ఇందిరాగాంధీని కాల్చారని వార్త రావడంతో బడి వదిలేశారు. మళ్ళీ ఆ వ్యాసాల ఊసెత్తినవాళ్ళు లేరు. ఆ తర్వాత నుంచి మన దేశంలో ఆ దినోత్సవాన్ని అక్టోబరు 30న జరుపుతున్నారు.

ఇంత జాగ్రత్తగా ఉన్నా దెబ్బ తగలకుండా పోలేదు. నాన్న స్నేహితుడొకాయన, ఆయన కూడా ఆర్టీసీయే, ఓ చిట్‌ఫండ్ కంపెనీలో చీటీ పాడి నాన్నని జామీను సంతకం అడిగాడు. అప్పు చేయకూడదని నాన్నకి తెలుసు, ఇంకొకరి అప్పుకి సంతకం పెడితే అది కూడా అప్పేనని మాత్రం ఎవరూ చెప్పలేదు. కొన్నాళ్ళకి ఆయన డ్యూటీకి రావడం మానేశాడు, తాగుడు. నోటీసులొచ్చాయి, నాన్న జీతంలో కోత మొదలైంది. ఆ రోజు అమ్మ కేకలేస్తుందని అందరం భయపడ్డాం. కేకలేయలేదు. చాప పరిచి, కుప్పలన్నీ మళ్ళీ మొదటినుంచీ పెట్టింది. పేపరు మానేశాం, మామ్మ వక్కపొడి మానేసింది, నాన్న టీ డబ్బు సగమైంది. చీటీ కుప్ప, పోస్టాఫీసు కుప్ప మాత్రం ముట్టుకోలేదు.

ఆ స్నేహితుడి భార్య ఇస్త్రీ చేసి పిల్లల్ని సాకేది. ఓ ఆదివారం వచ్చింది, చెంగుకి ముడివేసిన ఇరవై రూపాయలు విప్పి అమ్మ చేతిలో పెట్టింది. "అక్కా, మా ఆయన పని ఇది. నేనైతే ఉన్నాగా" అంది. అలా కొన్నేళ్ళు వచ్చింది, ఒక నెల పది, ఒక నెల ఇరవై, పండగ నెలల్లో రానే రాదు. అమ్మ ఒక్కసారి కూడా వద్దనలేదు, వద్దంటే ఆవిడ చిన్నబుచ్చుకుంటుందని. పుస్తకంలో జమ అని రాసి, తేదీ వేసి, ఆవిడకి చూపించి మరీ మూసేది. వెళ్ళేటప్పుడు ఓ గిన్నెడు నూకలో, ఆవకాయో ఇచ్చేది, అవి పుస్తకంలో రాసేది కాదు.

1989లో స్థలం కొన్నారు, పొదుపు పత్రాలు, రెండు చీటీలు కలిపి. ఇల్లు మాత్రం లోను లేకుండానే కట్టారు, కాబట్టి ఎలా కట్టారో ఊహించుకోవచ్చు. పునాది వేసి ఓ ఏడాది ఆపారు. గోడలు లేచాక ఇంకో రెండేళ్ళు, పైకప్పు లేదు, వాన పడితే గదుల్లో గడ్డి మొలిచేది, తమ్ముడు అందులో క్రికెట్ ఆడేవాడు. చుట్టాలందరూ నవ్వారు. నాన్నకి కూడా సిగ్గుగానే ఉండేది, సీసీఎస్‌లో, అంటే ఆర్టీసీ ఉద్యోగుల పరపతి సంఘంలో, లోను తీసుకుందామా అని రెండు మూడుసార్లు అడిగారు. అమ్మ ఒప్పుకోలేదు. ఇక్కడ మాత్రం నేను అమ్మతో ఏకీభవించను. ఆ మూడేళ్ళు కట్టిన అద్దె, పెరిగిన ఇనుము, సిమెంటు ధరలు లెక్కేస్తే లోను తీసుకున్నా సరిపోయేది. భయంతో చేసిన పొదుపులో అన్నిసార్లూ లాభం ఉండదు. ఈ మాట ఆవిడకి చెబితే "నీకేం, మీ మామ్మ ఏడుపు నువ్వు వినలేదు" అంటుంది.

ఇంకో సంగతి కూడా చెప్పకపోతే అబద్ధం చెప్పినట్టే. ఇంట్లో పొదుపు అంటాం కానీ, ఎవరి ఖర్చులోంచి అది వస్తుందో అడగం. మా ఇంట్లో ఎక్కువ భాగం అమ్మ ఖర్చులోంచే వచ్చింది. బయటికి కట్టుకునే చీరలు రెండు. ఆఖర్న తినే మనిషి, గిన్నెలో ఎంత మిగిలితే అంత. కళ్ళు సరిగ్గా కనిపించక పుస్తకాన్ని దీపానికి దగ్గరగా, ఇంకా దగ్గరగా పట్టుకుని రాసేది. కళ్ళజోడు కొనడానికి ఎప్పుడూ వచ్చే నెలే. చివరికి కొన్నది ఎప్పుడంటే పుస్తకంలో 3ని 8గా చూసి కూడిక తప్పినప్పుడు. అది ఆవిడ భరించలేకపోయింది. నా పట్టీలు, తమ్ముడి సైకిలు, నాన్న చెప్పులు ఆగలేదు ఎప్పుడూ. అమ్మ త్యాగం అని పొగిడి వదిలేసే మాట కాదిది. ఆ కుప్పల్లో ఆవిడ పేరున ఓ కుప్ప ఉండాల్సింది, లేదు, మేమెవరం అడగలేదు.

నాన్న 1997లో రిటైరయ్యారు. ప్రభుత్వోద్యోగులకి వచ్చేలాంటి పింఛను కాదు ఆర్టీసీవాళ్ళది, పీఎఫ్ ఆఫీసు నుంచి వచ్చే పింఛను. నాన్నకి నెలకి కొన్ని వందలు. కనీసం వెయ్యి అన్న నియమం 2014లో వచ్చేదాకా అంతే. కాబట్టి వచ్చిన పీఎఫ్, గ్రాట్యుటీ డబ్బు మీదే జీవితం. అది పోస్టాఫీసు నెలసరి ఆదాయ పథకంలో వేశారు, అప్పుడు పదమూడు శాతం, లక్షకి నెలకి వెయ్యీ ఎనభై మూడు రూపాయలు. ఆరేళ్ళ గడువు. నాన్న హాయిగా ఉంది అనుకున్నారు. అమ్మ మాత్రం ఆ వచ్చిన వడ్డీలో కొంత తీసి అదే పోస్టాఫీసులో ఆర్డీ కట్టడం మొదలుపెట్టింది. ఈ వయసులో ఇంకా దాచడం ఏమిటే, తిందాం కాస్త అని నాన్న విసుక్కున్నారు. 2003లో గడువు తీరి మళ్ళీ వేయబోతే వడ్డీ ఎనిమిది శాతానికి పడిపోయింది. లక్షకి ఆరువందల అరవై ఆరు. నాన్న పోస్టాఫీసు బల్ల మీద కూర్చుండిపోయారట. అమ్మ ఆర్డీ డబ్బు కూడా కలిపి వేయించి, "తగ్గింది కానీ మరీ అంత తగ్గలేదు లెండి" అని ఆటో ఎక్కించిందట. ఎప్పుడూ రిక్షా బేరమాడే మనిషి ఆ రోజు ఆటో ఎక్కించిందంటే ఆయన పరిస్థితి చూసే.

మా అబ్బాయికి ఇవన్నీ చెబితే వాడికి నవ్వు. టీ తాగినా ఫోనుతోనే, వాడి జేబులో రూపాయి ఉండదు, అలాగని ఖర్చు ఆగదు. మా అమ్మ జీవితాంతం డబ్బుని చేతికి అందకుండా చేయడానికి పడిన పాట్లన్నీ ఆ ఫోను ఒక్క వేలిముద్రతో తుడిచేసింది. ఫ్రిజ్ ఈఎంఐ, ఫోను ఈఎంఐ, ఎక్కడికో వెళ్ళొచ్చినదానికి కూడా ఈఎంఐ. జీతం పడిన రోజునే సగం వెళ్ళిపోతుంది వాడికి, అమ్మ కుప్పల్లాగే, కాకపోతే కుప్పలు పెట్టేది వాడు కాదు.

ఇక 2016 నవంబరు 8 రాత్రి. పాత ఐదు వందలు, వెయ్యి నోట్లు చెల్లవని టీవీలో చెప్పారు. మర్నాడు పొద్దున్నే హైదరాబాదులో ఉన్న నాకు అమ్మ ఫోను. గొంతు బాగా తగ్గించి, "నిజంగానే చెల్లవుటే?" అంది. నీ దగ్గర ఎన్నున్నాయమ్మా అన్నాను. "ఉన్నాయిలే కొన్ని" అంది, వెనక నాన్న దగ్గు వినిపించగానే పెట్టేసింది.

ఆ శనివారం వెళ్ళాను. అమ్మ ఒక్కొక్కటే బయటికి తీసింది. పోపులపెట్టె కింది అరలో కాగితం మడత, బీరువాలో పట్టుచీర మడతల మధ్య, గోడ గడియారం వెనకాల ప్లాస్టిక్ కవరు, బియ్యం డబ్బా అడుగున మందుల డబ్బా, అందులో చుట్టచుట్టిన నోట్లు. రొక్కం ఇంట్లో ఉండకూడదన్న మనిషి, ఇంటినిండా రొక్కం. అడిగితే "ఇది ఇంటి డబ్బు కాదే, నాది" అంది. చిల్లర కమీషన్లు, తవుడుకి బదులు మిగిలిన పాలడబ్బు, మేం పండగలకి చేతిలో పెట్టినవి, అన్నీ ఏళ్ళ తరబడి పెద్ద నోట్లుగా మార్చుకుంటూ వచ్చిందన్నమాట. అరవై, డెబ్భై ఏళ్ళ ఆడవాళ్ళ ఇలాంటి దాపరికాలు ఆ నెల ఎన్ని ఇళ్ళలో బయటపడ్డాయో, మా వీధిలోనే నాలుగైదు కథలు విన్నాను.

నాన్నకి అప్పుడు డెబ్భై ఏడు. ఏమీ మాట్లాడకుండా కళ్ళజోడు పెట్టుకుని చాప మీద కూర్చున్నారు. గాంధీ బొమ్మలన్నీ ఒకే వైపుకి తిప్పుకుని, ఎడమచేతి వేళ్ళ మధ్య కట్ట మడిచి పట్టుకుని, బొటనవేలితో టకటకా లెక్కపెట్టారు. రిటైరైన ఇన్నేళ్ళకి కూడా ఆ చేతుల్లో వేగం తగ్గలేదు. నలభై ఒక్క వేల ఐదు వందలు. మళ్ళీ లెక్కపెట్టారు, అంతే. "ఇందులో నా చిల్లర ఎంతుందే?" అన్నారు. అమ్మ వినిపించుకోనట్టు కవర్లన్నీ మడతపెట్టుకుంది, అవి కూడా పారేయదు కదా.

బ్యాంకు ముందు పొద్దున్నుంచీ లైను. మధ్యాహ్నానికి మా వంతు వచ్చింది. కౌంటర్లో అమ్మాయి ఎవరి ఖాతాలో వేయాలండీ అంటే, జాయింటు ఖాతా ఉంది అని నాన్న అనబోతుండగా అమ్మ తన పేరున కొత్త ఖాతా తెరవమంది, ఆధార్ కార్డు, ఫోటోలు చెంగులోంచి తీసి ఇచ్చింది, అంటే ముందే తయారై వచ్చిందన్నమాట. ఫారం నింపుతూ ఆ అమ్మాయి నామినీ ఎవరమ్మా అని అడిగింది. అమ్మ ఓసారి నాన్న వైపు, ఓసారి నా వైపు చూసి, అది తర్వాత వచ్చి చెబుతానంది.